వి.వి. గిరి: పార్వతీపురంలో 565, ఢిల్లీలో 14,650

బరంపురంలో వి.వి. గిరి రోడ్డు మీద నిలబడి ఆ పేరు ఎవరిదని అడిగితే జవాబు ఠక్కున వస్తుంది: మన ఊరాయనే, రాష్ట్రపతి చేశారు. కాస్త చదువుకున్నవాళ్లయితే ఇంకో ముక్క చేరుస్తారు: ఇందిరమ్మ నెగ్గించిన మనిషి, ఆవిడ పంపిన కాగితాల మీదల్లా సంతకం పెట్టారు. ఈ రెండో ముక్క అబద్ధమేమీ కాదు. కానీ అది 1969 దగ్గర మొదలెట్టి చెప్పే కథ. అప్పటికి గిరికి 75 ఏళ్లు నిండాయి. అంతకుముందు యాభై ఏళ్లు ఆయన చేసిన పని కార్మిక సంఘాల పని. రాష్ట్రపతి భవన్ వైపు నుంచి చూస్తే అది కనపడదు. అందుకే ఇక్కడ బరువంతా ఆ పని మీదా, ఆయన ఎన్నికల లెక్కల మీదా పెడుతున్నాను.

ముందు ఊరి సంగతి. 1894 ఆగస్టు 10న గిరి పుట్టేనాటికి బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉంది. ఇచ్ఛాపురం, టెక్కలి, శ్రీకాకుళం కూడా అదే జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రావిన్సు ఏర్పడినప్పుడు గీత జిల్లా మధ్యలోంచి పోయింది. బరంపురం, ఛత్రపురం, ఆస్కా అటు వెళ్లాయి. పర్లాకిమిడి జమీందారీ రెండు ముక్కలైంది. ఊరు ఒరిస్సాకి పోతే, దాన్ని ఆనుకునే ఉన్న పాతపట్నం మద్రాసులో మిగిలిపోయింది. గిరి ఎన్నికల పటం ఈ గీత తెలిస్తేనే అర్థమవుతుంది. ఇల్లు ఒడిశాలో, ఓట్లు గీతకి అవతల: 1937లో బొబ్బిలి, 1952లో పాతపట్నం, 1957లో పార్వతీపురం. బరంపురంలో ఆయన తండ్రిగారి ఇల్లు తర్వాత ఆడపిల్లల హైస్కూలైంది.

పాత కాగితాలు తిరగేసేవాళ్లకి ఒక జాగ్రత్త. తండ్రి కూడా ‘వి.వి.’యే, వరాహగిరి వెంకట జోగయ్య పంతులు, వకీలు, కాంగ్రెస్ మనిషి. ‘వి.వి. జోగయ్య’ అని కనిపిస్తే అది కొడుకు కాదు. తల్లి సుభద్రమ్మ గురించి తక్కువ రాస్తారు గానీ, శాసనోల్లంఘన రోజుల్లో బరంపురంలో మద్యనిషేధం కోసం ఆందోళన నడిపి అరెస్టయిన మనిషి ఆవిడ.

ఖల్లికోట కాలేజీ చదువయ్యాక గిరి 1913లో లా చదవడానికి ఐర్లండు వెళ్లారు. లండన్ వెళ్లకుండా డబ్లిన్ వెళ్లడం ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. ఆయన దిగిన ఏడే అక్కడ పెద్ద లాకౌట్ జరిగింది. దాదాపు 300 మంది యజమానులు కలిసి, సంఘంలో చేరిన సుమారు 20,000 మంది కూలీలను పని నుంచి బయటికి నెట్టారు. అది నెలల తరబడి సాగింది. ఆ సంఘం నాయకుల్లో ఒకరు జేమ్స్ కొనాలీ. యూనివర్సిటీ కాలేజీలో గిరికి ఇంగ్లిష్ చెప్పినవారిలో ఒకరు థామస్ మెక్‌డొనా. 1916 ఏప్రిల్‌లో ఈస్టర్ తిరుగుబాటు జరిగింది. మే నెలలో ఈ ఇద్దరినీ బ్రిటిష్ సైన్యం కాల్చి చంపింది. గిరి మీద అప్పటికే నిఘా ఉంది, దక్షిణాఫ్రికాలో భారతీయుల మీద జరుగుతున్న దౌర్జన్యాల గురించి అచ్చేసిన కరపత్రం పోలీసుల చేతికి చిక్కింది. జూన్ 1న దేశం విడిచి పొమ్మని నోటీసు. జూన్ 21న బారిస్టరు పట్టా. మూడు వారాల తేడాలో రెండూ.

తిరిగొచ్చి మద్రాసు హైకోర్టులో నమోదయ్యారు, లక్నో కాంగ్రెసుకి వెళ్లారు, అనీబిసెంట్ హోంరూల్‌లో పనిచేశారు, 1920లో గాంధీ పిలుపుకి ప్రాక్టీసు వదిలేశారు, 1922లో సారా దుకాణాల దగ్గర ధర్నా చేసి జైలుకెళ్లారు. ఆ తరం వకీళ్లు చాలామంది ఇవే మెట్లు ఎక్కారు. గిరి దారి వేరైంది రైలు పట్టాల దగ్గర.

మన కోస్తా లైను అప్పట్లో బెంగాల్ నాగపూర్ రైల్వేది. కంపెనీ పెద్ద వర్క్‌షాపు ఖరగ్‌పూర్‌లో. ఉత్తరాంధ్ర నుంచీ గంజాం నుంచీ ఆ షాపులకి పనికి పోయిన తెలుగువాళ్లు ఎందరో. ఇవాళ్టికీ ఖరగ్‌పూర్‌లో తెలుగు పేటలున్నాయి. బరంపురం వకీలు బెంగాల్‌లో రైల్వే సంఘం పెట్టడం చదివేవాళ్లకి వింతగా ఉంటుంది గానీ, అక్కడి మనుషులు ఎవరో తెలిస్తే వింత లేదు. 1923లో అఖిల భారత రైల్వేమెన్స్ ఫెడరేషన్ పెట్టినవాళ్లలో గిరి ఒకరు. పదేళ్లకు పైగా దాని ప్రధాన కార్యదర్శి. 1920ల చివర ఖరగ్‌పూర్‌లో కంపెనీ మనుషుల్ని తీసేసినప్పుడు సమ్మె నడిపారు. 1926లో ఏఐటీయూసీ (అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్) అధ్యక్షుడు, 1927లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సదస్సుకి కార్మికుల ప్రతినిధి, 1931లో రెండో రౌండ్ టేబుల్ సమావేశానికి కూడా కార్మికుల తరఫునే.

1929లో నాగపూర్‌లో ఏఐటీయూసీ చీలింది. బ్రిటిష్ ప్రభుత్వం వేసిన కార్మిక కమిషన్ ముందుకెళ్లి సాక్ష్యం చెప్పాలా, బహిష్కరించాలా అన్నది తగువు. బహిష్కరించాలన్నవాళ్లది పైచేయి అయింది. ఎన్.ఎం. జోషి, గిరి వగైరా బయటికొచ్చి వేరే ఫెడరేషన్ పెట్టారు, గిరి దానికి అధ్యక్షుడయ్యారు. సమ్మె చేయించే మనిషే, కానీ బల్ల దగ్గర కూర్చునే అవకాశం వస్తే వదులుకోని మనిషి. ఈ గుణాన్ని గుర్తు పెట్టుకుంటే 1952 తర్వాతి గిరి తేలిగ్గా అర్థమవుతారు.

1937లో బొబ్బిలి రాజాని ఓడించి మద్రాసు శాసనసభకి వెళ్లారు. జస్టిస్ పార్టీ తరఫున మద్రాసుని ఏలిన రాజా, సొంత గడ్డ మీద ఓటమి. రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల శాఖ. 1939లో కాంగ్రెస్ మంత్రులంతా రాజీనామా చేశాక మళ్లీ జైళ్లు, క్విట్ ఇండియాలో మూడేళ్లు. 1946లో ప్రకాశం పంతులు మంత్రివర్గంలో మళ్లీ కార్మిక శాఖ. 1947 నుంచి 1951 దాకా సిలోన్‌లో హైకమిషనర్. తర్వాత పాతపట్నం ఎంపీగా ఢిల్లీ. 1952లో నెహ్రూ మంత్రివర్గంలో చేరితే, అక్కడా అదే శాఖ.

ఇక్కడ కాస్త ఆగాలి. కార్మిక శాస్త్రం చదివేవాళ్లు ‘గిరి విధానం’ అని పరీక్షల్లో రెండు లైన్లు రాస్తారు. అదేమిటో చూడాలంటే 1947 పారిశ్రామిక వివాదాల చట్టం కింద అప్పట్లో తగువు ఎలా నడిచేదో తెలియాలి. సంఘం డిమాండ్ల నోటీసు ఇస్తుంది. యజమాని ఒప్పుకోడు. రాజీ అధికారి ఇద్దర్నీ పిలుస్తాడు. తెగకపోతే ‘రాజీ విఫలం’ అని ప్రభుత్వానికి రిపోర్టు రాస్తాడు. ప్రభుత్వం తలుచుకుంటే సెక్షన్ 10 కింద ట్రిబ్యునల్‌కి పంపుతుంది. ట్రిబ్యునల్ అవార్డు, అంటే తీర్పు, ఇస్తుంది. 1950 నుంచి దాని మీద అప్పీలుకి లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్ ఇంకోటి. అంటే జీతం పదిరూపాయలు పెంచమన్న మాట నాలుగు గుమ్మాలు ఎక్కాలి, అన్నిచోట్లా వకీలు కావాలి, కార్మికుడు ఆ కాలమంతా పాత జీతంతోనే గడపాలి.

గిరి అభ్యంతరం ఆలస్యం ఒక్కటే కాదు. చివర్లో ట్రిబ్యునల్ ఉందని తెలిస్తే రాజీ దశలో ఎవరూ చేతిలో ముక్క చూపించరు. యజమాని పది ఇవ్వగలిగినా రెండు అంటాడు, ట్రిబ్యునల్ మధ్యలో ఎక్కడో తెంచుతుందని. సంఘం పది కావాల్సిన చోట ఇరవై అడుగుతుంది, అదే లెక్కతో. రాజీ అధికారి గది ఒట్టి తంతు అవుతుంది. ఇక సంఘం సభ్యుల్ని పోగుచేసే పని మానేసి కేసు ఫైళ్లు మోసే ఆఫీసు అవుతుంది. ఎంతమంది సభ్యులున్నారన్నది కాక, ఎంత మంచి వకీలున్నాడన్నది బలం అవుతుంది. అందుకని ఆయన వరస తిప్పమన్నారు: ముందు ఇద్దరూ కూర్చుని బేరం, కుదరకపోతే ఇద్దరూ ఒప్పుకున్న మధ్యవర్తి, ప్రభుత్వం బలవంతంగా పంపే ట్రిబ్యునల్ చిట్టచివర.

ఇది నిలబడలేదు. యజమానులకే కాదు, సంఘాల్లో చాలావాటికీ నచ్చలేదు, తోటి శాఖలకీ నచ్చలేదు. సంఘాల భయంలో న్యాయం ఉందనే నా అభిప్రాయం. రైల్వే షాపులో వేలమంది ఒకే గేటులోంచి వెళ్తారు, గేటు మూస్తే పని ఆగిపోతుంది. అక్కడ బేరం అంటే బేరమే. అదే పలాసలో జీడిపిక్క కొట్టే పనిని తీసుకోండి: కొట్టిన పప్పు తూకానికి కూలి, చిన్న చిన్న బట్టీలు, ఇవాళ ఒకచోట రేపు ఇంకోచోట. ఆ ఆడవాళ్లు బల్లకి ఇవతల కూర్చుంటే అవతలివాడికి భయం ఏముంటుంది? గిరి కళ్ల ముందున్న కార్మికుడు ఖరగ్‌పూర్ కార్మికుడు. విధానంలోని బలమూ అదే, లోపమూ అదే.

1954లో బ్యాంకు ఉద్యోగుల జీతాల తగువు వచ్చింది. అప్పిలేట్ ట్రిబ్యునల్ ఉద్యోగులకి అనుకూలంగా ఇచ్చిన తీర్పుని కేబినెట్ తగ్గించి మార్చింది. ట్రిబ్యునళ్లే వద్దన్న మంత్రికి ట్రిబ్యునల్ తీర్పు మారితే ఏం బాధ అనిపించవచ్చు. ఆయన వాదన సూటిగా ఉంది: పంచాయితీ పెట్టింది ప్రభుత్వమే, పెద్దమనిషి చెప్పిన మాట నచ్చలేదని మార్చేదీ ప్రభుత్వమే అయితే ఇక కార్మికుడు ఎక్కడికి పోవాలి? ఆగస్టులో మంత్రి పదవికి రాజీనామా చేశారు. ఆ తర్వాత ప్రభుత్వం వేసిన గజేంద్రగడ్కర్ కమిషన్ ఆ తీర్పుని చాలావరకు మళ్లీ నిలబెట్టమంది. 1955లో చట్టం చేశారు. పదవి పోయింది, మాట నిలిచింది. బ్యాంకుల సంగతి మళ్లీ వస్తుంది.

ఇప్పుడు పార్వతీపురం. 1957 ఎన్నికల్లో దేశంలో 91 లోక్‌సభ నియోజకవర్గాల నుంచి ఇద్దరేసి ఎంపీలు వచ్చారు. పార్వతీపురం వాటిలో ఒకటి: ఒకటి ఎస్టీ రిజర్వుడు సీటు, ఇంకోటి జనరల్. ఈ పద్ధతి ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు కాబట్టి వివరంగా చెప్పాలి.

ఓటరుకి రెండు బ్యాలెట్ కాగితాలు ఇచ్చేవారు. ముద్ర వేసే పని లేదు. లోపల ప్రతి అభ్యర్థికీ ఒక పెట్టె, పెట్టె మీద ఆయన గుర్తు. నచ్చిన పెట్టెలో కాగితం వేయడమే. రెండు కాగితాలూ రెండు వేర్వేరు పెట్టెల్లో వేయాలి, ఒకే మనిషికి రెండూ వేస్తే ఒకటి చెల్లదు. ఇక లెక్కింపు. మొదట రిజర్వుడు సీటు తెగుతుంది: ఎస్టీ అభ్యర్థుల్లో ఎవరికి ఎక్కువ వస్తే వారిది. ఆయన్ని పక్కన పెట్టాక మిగిలిన అందరిలో, మిగిలిన ఎస్టీ అభ్యర్థులతో కలిపి, ఎవరికి ఎక్కువ వస్తే జనరల్ సీటు వారిది. ‘జనరల్ సీటు’ అంటే ‘ఎస్టీ కానివాళ్ల సీటు’ అనుకోవడమే ఇక్కడ అందరూ చేసే పొరపాటు. అది అందరిదీ.

బి. సత్యనారాయణ దొర అందరికన్నా ముందు నిలిచి రిజర్వుడు సీటు తీసుకున్నారు. తర్వాత డిప్పల సూరి దొరకి 1,24,604. గిరికి 1,24,039. తేడా 565. రెండు సీట్లూ గిరిజన అభ్యర్థులకే వెళ్లాయి, కేంద్ర మంత్రిగా చేసిన మనిషి ఇంటికొచ్చారు. ఇంకోలా చెప్పాలంటే, సూరి దొర పెట్టెలో కాగితం వేసినవాళ్లలో 283 మంది దాన్ని గిరి పెట్టెలో వేసి ఉంటే ఫలితం తిరగబడేది.

కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1959లో తేలింది. గిరి తరఫు వాదనలు రెండు. రిజర్వుడు సీటుకని నామినేషన్ వేసిన మనిషి జనరల్ సీటు ఎలా తీసుకుంటాడన్నది ఒకటి. కోర్టు ఒప్పుకోలేదు: నామినేషన్ నియోజకవర్గానికి వేస్తారు గానీ ఫలానా కుర్చీకి కాదు, ఎస్టీ అని రాసిన ప్రకటన రిజర్వుడు సీటుకి కూడా అర్హత ఇస్తుందే తప్ప జనరల్ అర్హత తీసేయదు. రెండో వాదన, సూరి దొర మూకదొర తెగలో పుట్టినా తర్వాత క్షత్రియుడినని చెప్పుకున్నాడు కాబట్టి ఎస్టీ కాడని. అదీ నిలవలేదు. ధర్మాసనంలో ఒక న్యాయమూర్తి విభేదించారు, మిగతావాళ్లు పుట్టిన తెగ అలా పోదన్నారు. జీవితమంతా కూలీల పక్షాన నిలిచిన మనిషి, ఓటమి మార్చుకోవడానికి ఒక గిరిజనుణ్ణి గిరిజనుడు కాదని వాదించడం ఆయన కథలో నాకు మింగుడు పడని చోటు. ఈ ద్విసభ్య పద్ధతిని 1961లో ఎత్తేశారు.

ఓడిన ఏడాదే గవర్నరు పదవి వచ్చింది. ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు, పదేళ్లు. 1967లో ఉపరాష్ట్రపతి.

1969 మే 3న జాకిర్ హుస్సేన్ పోయారు, గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. కాంగ్రెస్ పెద్దలు నీలం సంజీవరెడ్డిని ఎంపిక చేశారు. ఆయన నామినేషన్ మీద ప్రతిపాదించింది ఇందిరే. గిరి స్వతంత్రుడిగా దిగుతానన్నారు. జులై 19న 14 బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్సు మీద సంతకం చేసి, మర్నాడు పదవి వదిలేశారు. 1954లో బ్యాంకు గుమస్తాల కోసం కుర్చీ వదిలిన మనిషి, పదిహేనేళ్ల తర్వాత కుర్చీ వదిలే ముందురోజు ఆ బ్యాంకుల్నే ప్రభుత్వానికి రాసిచ్చారు.

ఎన్నిక ఆగస్టు 16న. అప్పట్లో డిపాజిట్టు లేదు, పదిమంది ప్రతిపాదకుల నిబంధన లేదు, అందుకే బరిలో 15 మంది, కొందరికి ఒక్క ఓటూ పడలేదు. అసలు పోటీ ముగ్గురిది: గిరి, సంజీవరెడ్డి, స్వతంత్ర, జనసంఘ్ పార్టీలు నిలిపిన సి.డి. దేశ్‌ముఖ్. రాష్ట్రపతి ఎన్నికలో విప్, అంటే ఫలానావారికే వేయాలన్న పార్టీ ఆదేశం, చెల్లదు. రెడ్డికే వేయనక్కర్లేదు, ‘అంతరాత్మ ప్రబోధం’ ప్రకారం వేయండని ఇందిర అన్నది ఆ సందులోంచే.

ఓటు విలువ ఎలా కట్టారో మన రెండు రాష్ట్రాలతోనే చూద్దాం. 1961 లెక్కల్లో ఒడిశా జనాభా 1,75,48,846. ఎమ్మెల్యేలు 140. భాగించి, వచ్చినదాన్ని వెయ్యితో భాగిస్తే 125. ఆంధ్రప్రదేశ్ 3,59,83,447, ఎమ్మెల్యేలు 287. అక్కడా 125. గీతకి అటూ ఇటూ ఎమ్మెల్యే ఓటు ఒకే తూకం. ఎంపీ ఓటు 576.

చెల్లిన మొత్తం విలువ 8,36,337. గెలవడానికి అందులో సగానికి పైన, 4,18,169. ఓటరు కాగితం మీద అభ్యర్థులకి 1, 2, 3 అని వరస అంకెలు వేస్తాడు. తొలి ప్రాధాన్యంలో, అంటే 1 అంకె లెక్కలో, గిరికి 4,01,515, రెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కి 1,12,769. గిరి దాదాపు 88,000 ముందున్నారు, అయినా గెలవలేదు, 16,654 తక్కువ. అప్పుడు అడుగునుంచి ఒక్కొక్కర్నీ తీసేస్తూ, వాళ్ల కాగితాల మీద తర్వాతి అంకె ఎవరికుంటే వారి కట్టలో కలుపుతూ పోతారు. చివరికి తీసేసింది దేశ్‌ముఖ్‌ని.

ఈ పంపకంలో గిరికి మొత్తం కలిసింది 18,562. రెడ్డికి కలిసింది 91,879, అంటే గిరికన్నా దాదాపు అయిదు రెట్లు. స్వతంత్ర, జనసంఘ్ వాళ్లని రెండో ఓటు రెడ్డికి వేయమని కాంగ్రెస్ అధ్యక్షుడు నిజలింగప్ప అడగడం ఇందిరకి సాకు అయిందని అందరూ రాస్తారు. లెక్క ప్రకారం ఆయన పాచిక పారినట్టే, ఓట్లు రెడ్డికే వెళ్లాయి. చాలలేదంతే. చివరి అంకెలు గిరి 4,20,077, రెడ్డి 4,05,427. తేడా 14,650. తర్వాతి ప్రాధాన్యం రాయక మధ్యలో ఆగిపోయిన కాగితాల విలువ 10,833. అవన్నీ రెడ్డికే పడ్డా గిరే ముందుంటారు. కానీ గిరికి వేసిన ఎంపీల్లో 13 మంది అటు మళ్లి ఉంటే రెడ్డి రాష్ట్రపతి. పార్వతీపురంలో 283 మంది, ఢిల్లీలో 13 మంది.

గిరి పుట్టిన ఒడిశాలో ఆ ఏడు ప్రభుత్వం ఆర్.ఎన్. సింగ్‌దేవ్‌ది, స్వతంత్ర పార్టీది, అంటే దేశ్‌ముఖ్ పక్షానిది. గిరిని ఎంపీని చేసిన ఆంధ్రలో ఎదుటి అభ్యర్థి సాక్షాత్తూ మాజీ ముఖ్యమంత్రి.

ఎన్నిక మీద కేసు పడింది, రెడ్డి మీద పంచిన అసభ్య కరపత్రం గురించి. పదవిలో ఉన్న రాష్ట్రపతి 1970లో స్వయంగా సుప్రీంకోర్టుకి వెళ్లి సాక్షిగా ప్రశ్నలకి జవాబులు చెప్పారు. కేసు కొట్టేశారు. బ్యాంకుల చట్టాన్నీ అదే ఏడు ఫిబ్రవరిలో కోర్టు కొట్టేస్తే, గిరే ఇంకో ఆర్డినెన్సు మీద మళ్లీ సంతకం చేశారు. 1975లో భారతరత్న, 1980 జూన్‌లో మద్రాసులో మరణం.

రబ్బరు స్టాంపు అన్న మాటకి అసలు గట్టి సాక్ష్యం మాత్రం ఆయన రాష్ట్రపతిగా ఉండగా వచ్చిన 1974 మే. ఆ నెల 8న రైల్వే సమ్మె మొదలైంది, సుమారు 17 లక్షల మంది. నడిపింది జార్జి ఫెర్నాండెజ్ అధ్యక్షుడిగా ఉన్న రైల్వేమెన్స్ ఫెడరేషన్, 1923లో గిరి చేతుల మీదుగా పుట్టినదే. ఇంజను నడిపేవాళ్లకి ఎనిమిది గంటల పని, బోనస్, జీతాల పెంపు వాళ్ల అడుగులు. ప్రభుత్వం బేరానికి కూర్చోలేదు, నాయకుల్ని ముందే అరెస్టు చేసింది, వేలమందిని జైళ్లకి పంపింది, క్వార్టర్లు ఖాళీ చేయించింది. 27న సమ్మె విరమించారు. ఇంకో మూడు నెలలకి, ఆగస్టు 24న, గిరి రాష్ట్రపతి భవన్ ఖాళీ చేశారు.